దండకు మెడ కావాలి

విగ్రహానికి పోలిక కుదిరిందో లేదో తేల్చేది ఫోటో కాదు, ఏడుపు. టెక్కలి దాటాక హైవే పక్కనున్న నా షెడ్డులో పాతికేళ్ళుగా ఇదే పద్ధతి. తండ్రి పోయిన కొడుకులు ఆధార్ కార్డు మీది ఫోటోనో, ఎవరి పెళ్ళిలోనో చివరి వరసలో నిలబడ్డ మొహాన్నో పట్టుకొస్తారు. జీడితోటలోనో, కళ్ళం గట్టునో పెట్టుకోవడానికి సిమెంటు విగ్రహం కావాలంటారు. చువ్వలు కట్టి, సిమెంటూ ఇసకా కలిపిన మాలు ఎక్కించి, చెక్కి, రంగులు కూడా వేసి, కళ్ళు మాత్రం తెల్లగా వదిలేస్తాను. కళ్ళు దిద్దే రోజున ఇంటి ఆడమనిషిని వెంటబెట్టుకొస్తారు. నేను నల్లగుడ్డు దిద్ది పక్కకు తప్పుకుంటాను. ఆవిడ ఏడిస్తే బొమ్మ బండెక్కుతుంది. ఏడవకపోతే బుగ్గలు మళ్ళీ చెక్కాల్సిందే.

నందిగాం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మొగుడి విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఈడు మా ఆయన కాడు నాయినా. మా మరిదిలాగున్నాడు. ఆడి కోసం నానెందుకు ఏడుత్తాను?" అంది. కొడుకులు నవ్వు ఆపుకోలేక చచ్చారు. నేను మూడుసార్లు ముక్కు మార్చాను. నాలుగోసారికి ఏడ్చింది. విసుగెత్తి ఏడ్చిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నాకొచ్చిన విద్య ఈ పోలిక ఒక్కటే. అందుకని పోలిక లేని బొమ్మలను చూసి అందరికంటే ముందు నవ్వింది కూడా నేనే. ఈ మాట ముందే చెప్పుకోవాలి. లేకపోతే తరవాత నేను తిట్టిన తిట్లన్నీ దొంగతిట్లవుతాయి.

చాలా ఏళ్ళ కిందట విశాఖపట్నంలో శిల్పులు పదిమంది ఒకచోట చేరి నెల్లాళ్ళు బొమ్మలు చేశారు. షెడ్డులో పని లేక వాళ్ళకు మాలు కలిపే కూలీగా వెళ్ళాను. వాళ్ళలో ఒకావిడ రోజూ ఎండలో నిలబడి ఒక గుమ్మం చేసింది. గోడ లేదు, తలుపు లేదు, ఉత్త గుమ్మం. గడప మాత్రం మధ్యలో అరిగిపోయినట్టు పల్లంగా చెక్కింది. "ఇల్లెక్కడమ్మా?" అని అడిగాను. "ఇల్లు నువ్వు పెట్టుకో" అంది. భోజనాల దగ్గర ఆ మాట చెప్పి కూలీలందరినీ కడుపుబ్బ నవ్వించాను. ఊరికొచ్చి తమ్ముడికి చెప్పాను. వాడు నవ్వలేదు.

"గడప అలాగ అరగాలంటే ఎంతమంది తొక్కాల అన్నియ్యా?" అన్నాడు.

వెధవ. ఆ ప్రశ్న పదేళ్ళు నా బుర్రలో తిష్ట వేసుకు కూర్చుంది.

తమ్ముడి పేరు త్రినాథ్. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఉద్దానంలో మా సొంత ఊళ్ళోనే ఉండి కొబ్బరికాయలు దింపేవాడు. నలభై దాటగానే వాడి కాళ్ళు పొంగాయి. పలాసలో రక్తం పరీక్ష చేసి చెప్పిన అంకె విని వాడేమీ ఆశ్చర్యపోలేదు. మా ఊళ్ళో ఇంటికొకరికి కిడ్నీ జబ్బు. క్రియాటినిన్ అన్న మాట వేలిముద్ర వేసేవాళ్ళకు కూడా నోరు తిరుగుతుంది. అప్పటినుంచి సోమవారం, గురువారం తెల్లవారుతూండగా డయాలసిస్‌కి పలాస వెళ్ళే ఆటో కోసం ఊరి మొగలో, రోడ్డు మీంచి ఊళ్ళోకి తిరిగే చోట, కూర్చునేవాడు. ఆ ఆటోలో ఏడుగురు. కూర్చోవడానికి పాత కల్వర్టు గోడ. ఏడుగురిలో ఒకరు పోతే వారం తిరక్కుండా ఇంకొకరు వచ్చి ఆ చోట్లో కూర్చునేవాళ్ళు. ఏడు ఎప్పుడూ ఏడే.

పోయిన చలికాలంలో ప్రెసిడెంటు మల్లేశ్వరరావు నాకు కబురు పెట్టాడు. ఆయనకు జీడితోటలున్నాయి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది, ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు.

"ధనుంజయా, కిడ్నీ జబ్బుతో పోయినోల్లకి గురుతుగా ఊరి మొగలో ఒకటి కట్టాల. ఎమ్మెల్యే గారు ఒత్తానన్నారు. ఏటి బాగుంటాదో నువ్వే సూసి సెయ్యి. మనూరోడివి. నీకొదిలేత్తన్నాను" అన్నాడు.

నీకొదిలేత్తన్నాను. ఈ మాట నా జన్మలో ఎవరూ నాతో అనలేదు. అందరూ ఫోటో చేతిలో పెట్టి పోయేవాళ్ళే. అక్కడే మోసపోయాను.

పోయినవాళ్ళ పేర్లు రాసిమ్మంటే వార్డు మెంబరు మనోహర్ ఒక నోటుపుస్తకం తెచ్చిచ్చాడు. మనోహర్ ప్రెసిడెంటుకు కుడిభుజం. నాకు వరసకు బావమరిది. పేర్లు నాలుగు పేజీలు దాటి అయిదో పేజీలోకి వెళ్ళాయి. ఎవరి మొహం చెయ్యను? ఒక మొహం చేస్తే మిగతా ఇళ్ళవాళ్ళు ఊరుకోరు. ఎవరిదీ కాని మొహం చేస్తే ఎవరూ ఏడవరు.

ఆ ఆలోచనలోనే ఒక సోమవారం తమ్ముణ్ణి ఆటో ఎక్కించడానికి వెళ్ళాను. మంచు దట్టంగా ఉంది. ఆటో కదిలి వెళ్ళిపోయాక కల్వర్టు గోడ మీద చూపు పడింది. గోడంతా మంచుకు తడిసి నల్లగా ఉంది. వాళ్ళు తువ్వాళ్ళతో తుడుచుకుని కూర్చున్న ఏడు చోట్లు మాత్రం పొడిగా, తెల్లగా ఉన్నాయి. మనుషులు లేరు. వాళ్ళ చోట్లు ఉన్నాయి. నేను చూస్తూండగానే మంచు పడి ఒక్కొక్కటే చెమ్మగిల్లి గోడలో కలిసిపోయింది.

విశాఖపట్నం గుమ్మం గుర్తొచ్చింది. అప్పుడు నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చింది.

కల్వర్టు పక్కనే ఇటుకలతో పొడుగాటి బెంచీ కట్టాను. డయాలసిస్ లేని ఒక ఆదివారం పొద్దున్న ఆ ఏడుగురినీ రమ్మన్నాను. బెంచీ మీద జానెడు మందాన మెత్తటి మాలు పోసి, పైన పాలిథిన్ పట్టా పరిచి, "రోజూ ఎలాగ కూకుంటారో అలాగే కూకోండి. అరగంట కదలకండి" అన్నాను.

వాళ్ళలో అందరికంటే పెద్దది రత్నాలమ్మ. మాకు పిన్ని వరస. జబ్బు ఆవిడ ఒంట్లో సగం తినేసింది కాని నోటి జోలికి పోలేదు.

"ఒరే ధనుంజయా, నాను లేవనేకపోతే సిమెంటుతో పాటు నన్ను కూడా ఎమ్మెల్యే సేత ఓపెనింగ్ సేయించేత్తావేటి?" అంది.

"కదలకు పిన్నీ. కదిల్తే నీ అచ్చు ఇద్దరు మనుసుల్లాగొత్తాది" అన్నాడు త్రినాథ్.

"ఒకప్పుడు ఇద్దరి సోటే పట్టేదాన్నిరా. ఇప్పుడు సగం కూడా పట్టడం నేదు" అని, ఒళ్ళోని స్టీలు క్యారేజీ తీసి పక్కన పెట్టింది. దాని అడుగు కూడా గుండ్రంగా మాలులో దిగింది. ఉండనిచ్చాను.

త్రినాథ్‌ది మధ్య చోటు, నాలుగోది. ఎడమచేతికి సూదులు గుచ్చే నరం ఉబ్బి ఉంటుంది గనక ఆ చేతి మీద బరువు పెట్టకూడదు. ఎక్కడ కూర్చున్నా కుడిచెయ్యి ఆనించి, ఆ పక్కకి ఒరిగి కూర్చుంటాడు. వాడి అచ్చు కుడివైపు లోతుగా పడింది. పక్కన కుడిచేతి వేళ్ళు అయిదూ దిగాయి.

"ఇందులో నా మొకం ఏదన్నియ్యా?" అన్నాడు.

"నీ మొకం ఎవడికి కావాల్రా?"

"అదీ నిజమే. అద్దంలో సూసుకుంటే నాకే నచ్చడం నేదు. పిర్రలు మాత్రం పసందుగా ఒచ్చినాయి."

ఏడుగురూ ఒక్కసారి నవ్వారు. ఆ కుదుపుకు మాలు కదిలి అచ్చుల్లో సన్నటి ముడతలు పడ్డాయి. నేను తిట్టాను. మళ్ళీ నవ్వారు. ముడతలను అలాగే వదిలేశాను.

వాళ్ళు లేచాక పట్టా తీసి, కడిగి, మడిచి షెడ్డులో పెట్టుకున్నాను. అది అలవాటు. ఏ సామానూ పారెయ్యను. బెంచీ ఆరాక తెల్లారుజామున వెళ్ళి ఒక్కణ్ణే చూసుకున్నాను. పాతికేళ్ళలో నేను చేసిన బొమ్మలు కొన్ని వందలు. నాకోసం నేను నిలబడి చూసుకున్నది ఇదొక్కటే.

నలభై రోజులకు త్రినాథ్ పోయాడు. జీడిపిక్కలు రాలే రోజులు. దహనం చేసి వచ్చేసరికి తోటలన్నీ ఆ పండ్ల వాసన. తరవాతి సోమవారం ఆటోలో ఏడుగురే వెళ్ళారు.

పెద్దకర్మ అయిన వారానికి మల్లేశ్వరరావు, మనోహర్, ఇంకో నలుగురు పెద్దలు బెంచీ చూడటానికొచ్చారు. మల్లేశ్వరరావు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. చేతికర్రతో బెంచీ మీద కొట్టి చూశాడు.

"బెంచీ గట్టిగుంది. మరి మనుసులు ఎప్పుడొత్తారు?" అన్నాడు.

"ఒచ్చి ఎల్లిపోనారు బాబూ" అన్నాను.

ఆయన మనోహర్ మొహం చూశాడు. మనోహర్ నా మొహం చూశాడు.

"అంటే ఇంతేనేటి బావా? దీనిమీద ఇంకేటీ రాదేటి?"

"రాదు."

"ఇది బస్టాండు బెంచీ బావా. అదీ సొట్టలడిపోనాది. మా మావోలింటి అరుగు ఇంతకన్నా నున్నగుంటాది."

చెప్పడానికి ప్రయత్నించాను. చేతులతో చేసేవాడికి నోటితో చెప్పడం రాదు. "కూకున్నోల్లు ఇప్పుడు నేరు. ఆల్ల సోటు ఉంది. సూసినోడు ఆ సోట్లో తన మనిసిని పెట్టుకుంటాడు" అన్నాను. అంటున్నప్పుడే అది నాకు దొంగమాటలా వినిపించింది.

"మా మనిసిని మేమే పెట్టుకోడానికైతే మజ్జిన నువ్వెందుకు?" అన్నాడు మనోహర్. పెద్దలు నవ్వారు. పదేళ్ళ కిందట విశాఖపట్నంలో కూలీలు నవ్విన నవ్వే అది. దాన్ని మొదలుపెట్టినవాణ్ణి నేనే కదా. వడ్డీతో సహా తిరిగొచ్చింది.

మల్లేశ్వరరావు నవ్వలేదు. ఆయన బాధ వేరు.

"అదంతా సరేనోయ్. ఎమ్మెల్యే గారొత్తారు. దండ ఎక్కడేత్తారు?"

"దండా?"

"దండే. ఫోటోకైతే మేకుంటాది. ఇగ్రహానికైతే మెడుంటాది. దీనికెక్కడెయ్యాల? కూకునే సోట్లో ఏత్తారేటి? ఆయన ఒంగి కూకునే సోట్లో దండెడితే పేపర్లో ఆ ఫోటో ఎలాగుంటాది?"

బతుకంతా మెడలు చేసినవాణ్ణి. ఒక్కసారి మెడ లేకుండా చేస్తే, దండ సంగతే గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం మనోహర్ బెంచీ ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 'ఇందులో ఏముందో చెప్పినవారికి బహుమతి' అని కింద రాశాడు. సిమెంటు ఆరకముందు గేదెలు పడుకున్నట్టున్నాయని ఒకడు. బెంచీ మీద దెయ్యాలు కూర్చున్నాయి, రాత్రిపూట ఆ దారిన వెళ్ళకండని ఒకడు. అర్థం కాకపోతే మోడరన్ ఆర్టే అని ఒకడు. విశాఖలో చదివిన కుర్రాడెవడో 'చాలా గొప్పగా ఉంది' అని ఇంగ్లీషులో రాస్తే, వాడి కింద పదిమంది 'అయితే మీ ఇంట్లో పెట్టుకో' అని రాశారు. ధనుంజయ మేస్త్రీకి తమ్ముడు పోయాక మతి చలించిందని ఒకడు రాశాడు. తమ్ముడు పోకముందే చేశానురా అని రాయబోయి, టైపు చెయ్యడం సరిగా రాక ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

వీళ్ళే ఊరి చివర అమ్మవారి దగ్గర రాతికి పసుపు రాసి, కళ్ళు మూసుకుని మొక్కుతారు. ఆ రాతికి ముక్కుందా, మూతుందా? అక్కడ ఇదేటని ఒక్కడు అడిగాడా? అక్కడ ఇంతమంది మొక్కారు కనక వీడూ మొక్కుతాడు. ఇక్కడ ఒకడు నవ్వాడు కనక అందరూ నవ్వుతారు. సొంత కళ్ళతో చూడమంటే అప్పు అడిగినట్టు మొహం తిప్పుకుంటారు. రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడోరోజు మల్లేశ్వరరావే షెడ్డుకొచ్చాడు. ఉపాయం ఆలోచించుకునే వచ్చాడు.

"మా నాన్నగారు కూడా ఆ జబ్బుతోనే పోనారు గదా. ఆయన ఇగ్రహం నడుమ కూకోబెట్టు. నాలుగో సోట్లో. దండకి దండా సరిపోద్ది, బెంచీకి బెంచీ ఉంటాది."

"నాలుగో సోటు మా తమ్ముడిది బాబూ."

"నీ తమ్ముడి సోటని ఎక్కడైనా రాసుందేటి? పల్లమే గదా. నింపేత్తే పనైపోద్ది."

పల్లమే గదా. నా తమ్ముడు ఈ భూమ్మీద ఎలా ఒరిగి కూర్చునేవాడో చెప్పేది ఆ పల్లం ఒక్కటే. వాడి చెయ్యి, వాడి బరువు, వాడు నవ్విన ముడతలు అందులోనే ఉన్నాయి. దాన్ని ఆయన తండ్రి తొడలతో కప్పెయ్యమంటాడు.

"సెయ్యను" అన్నాను.

"నువ్వు సెయ్యకపోతే ఇచ్చాపురం నుంచి ఇంకొకడొత్తాడు. వచ్చే గురువారం ఓపెనింగు."

అప్పుడు నాకు నా పద్ధతే గుర్తొచ్చింది. "బాబూ, మీకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. బొమ్మ కుదిరిందో నేదో ఇంటి ఆడమనిసి తేలుత్తాది. మా మరదలు సిన్నమ్మిని తీసుకొత్తాను. ఆ బెంచీ సూసి అది ఏడిత్తే అలాగే ఒదిలేయండి. ఏడవకపోతే మీ ఇట్టం" అన్నాను.

మల్లేశ్వరరావుకు ఆ పద్ధతి తెలుసు. వాళ్ళ నాన్న విగ్రహం చేసింది నేనే. అప్పుడు వాళ్ళమ్మ ఏడ్చి సొమ్మసిల్లి పడిపోతే పట్టుకున్నది ఈయనే.

"సరే. పద్ధతి పద్ధతే" అన్నాడు.

చిన్నమ్మి త్రినాథ్ భార్య. వాడు పోయినప్పటినుంచి ఊరి మొగకే రావడం మానేసింది. మర్నాడు పొద్దున్న నేను పిలిస్తే, ఎందుకని కూడా అడక్కుండా చెప్పులు వేసుకుని వచ్చింది. బెంచీ దగ్గర మల్లేశ్వరరావు, మనోహర్, ఇంకా చాలామంది ఉన్నారు. పందెం చూడటానికొచ్చినట్టు వచ్చారు.

చిన్నమ్మి బెంచీ ముందు నిలబడింది. నేను నాలుగో చోటు చూపించాను. అలవాటు ప్రకారం పక్కకు తప్పుకున్నాను.

తను వంగి చూసింది. వేళ్ళ గుర్తుల్లో తన వేళ్ళు పెట్టింది. ఏడవవే తల్లీ అనుకున్నాను. ఒకరు ఏడవాలని ఇంత ఆత్రంగా నేను ఎప్పుడూ కోరుకోలేదు.

చిన్నమ్మి నిటారుగా నిలబడి నా వైపు తిరిగింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"బావా, ఇందులో ఆయనేడి?"

"అది ఆడి సెయ్యేనమ్మా. ఆడు కూకున్న సోటు."

"సెయ్యి ఆయనదే. కాదన్ను. నాకు మొకం మరుపొచ్చేత్తంది బావా" అంది. "ఫోను నీల్లల్లో పడి ఫోటోలన్నీ పోనాయి. ఉన్నదల్లా ఆధార్ కార్డు. అందులో ఆయన ఆయన్లాగ నేడు. పొద్దున్న లెగిసి కల్లు మూసుకుంటే ముక్కు గురుతొత్తే మూతి గురుతు రాదు. ఊల్లో అందరి మొగుల్లకీ మొకాలు సేసినావు. నా మొగుడికి కూకున్న సోటు సేసినావేటి బావా?"

ఎవరూ నవ్వలేదు. మనోహర్ మాత్రం ఆటలో అంపైరులా, "ఏడవనేదు" అన్నాడు.

"పద్ధతి పద్ధతే" అన్నాడు మల్లేశ్వరరావు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద? ప్రెసిడెంటు మీదా? ఆయన సంగతి తెలిసిందే. చిన్నమ్మి మీద కోపం వచ్చింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఇంకెవరికి అర్థం కాకపోయినా ఇంట్లోదానికి అవుతుందనుకున్నాను. ఆ మనిషి ఎటు ఒరిగి కూర్చునేవాడో తనకు తెలియదా? వెంటనే నా షెడ్డుకొచ్చిన ఆడవాళ్ళందరూ గుర్తొచ్చారు. పాతికేళ్ళు వాళ్ళకు మొహాలిచ్చి, మొహాలు చూసి ఏడవడం నేర్పిందే నేను. ఇప్పుడు చోటు చూసి ఏడవమంటే ఎలా ఏడుస్తారు?

"బాబూ" అన్నాను మల్లేశ్వరరావుతో. "మీకు దండెయ్యడానికి మెడ కావాల. అంతే గదా. సిన్నమ్మికి మొకం కావాల. నాలుగో సోట్లో త్రినాథ్‌నే కూకోబెడతాను. మీ నాన్నగార్ని కాదు."

ఆయన నోరు తెరిచాడు. చిన్నమ్మి ఎదురుగా నిలబడి ఆయన మొహంలోకే చూస్తోంది. అంతమంది మధ్య, కర్మ అయి నెల కూడా కాని ఆడదాని ముందు, నీ మొగుడి చోట్లో మా నాన్న కూర్చుంటాడని అనలేకపోయాడు.

"సరే. శిలాఫలకం మీద మొదటి పేరు మాత్రం మా నాన్నగారిదే" అన్నాడు.

అయిదు రోజుల్లో చేశాను. త్రినాథ్ మొహానికి నాకు ఫోటో అక్కర్లేదు. రోజూ చిన్నమ్మి వచ్చి పక్కన కూర్చునేది. "బుగ్గలు నింపు బావా, జబ్బుకి ముందులాగ" అంది. నింపాను. "ఎడంసేతి మీద ఆ బుడిపెలు వొద్దు" అంది. నున్నగా చేశాను. "నిటారుగా కూకోబెట్టు. రోగిష్టోడిలాగ ఒరగొద్దు" అంది. నిటారుగా కూర్చోబెట్టాను. తెల్లచొక్కా వేశాను. తయారయ్యాక చూస్తే పెళ్ళినాటి త్రినాథ్. కొబ్బరిచెట్టు ఎక్కనివాడు, పలాస ఆటో ఎక్కనివాడు, ఆ బెంచీ మీద ఎప్పుడూ కూర్చోనివాడు.

నల్లగుడ్డు దిద్ది తప్పుకున్నాను. చిన్నమ్మి విగ్రహం మోకాళ్ళ మీద తల పెట్టి, ఊరంతా వినబడేలా ఏడ్చింది. చూడటానికొచ్చిన ఆడవాళ్ళూ ఏడ్చారు. మనోహర్ కండువాతో కళ్ళొత్తుకుని, "ఇదీ బొమ్మంటే. ముందే ఇలాగ సేసుంటే గొడవే ఉండకపోను గదా బావా" అన్నాడు. నా భుజం తట్టాడు కూడా. గ్రూపులో ఫోటో పెడితే అందరూ దండాల బొమ్మలు పెట్టారు. దెయ్యాలన్నవాడు 'జీవకళ' అని రాశాడు.

ఓపెనింగ్ గురువారం పదిగంటలకు జరిగింది. గురువారమంటే డయాలసిస్ రోజు. ఎవరి గుర్తుగా, ఎవరి అచ్చులతో కట్టామో వాళ్ళు ఆ వేళకు పలాసలో సూదులు గుచ్చుకుని పడుకుని ఉన్నారు. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. సొట్టలు బాగోవని మిగతా ఆరు చోట్ల మీదా ఎర్ర తివాచీ పరిచి, పెద్దల్ని కూర్చోబెట్టారు. వాళ్ళు ఎగుడుదిగుడుగా కూర్చుని, ఇబ్బందిగా కదులుతూ ఉపన్యాసాలు విన్నారు. ఎమ్మెల్యే గారు త్రినాథ్ మెడలో బంతిపూల దండ వేశారు. ఫోటో బాగా వచ్చింది. ఈ శిల్పి మన జిల్లాకే గర్వకారణమని నన్ను పిలిచి శాలువా కప్పారు. నా పనిలో బాగున్నదంతా తివాచీ కింద ఉంది. శాలువా నా మీద ఉంది.

రెండున్నరకు పలాస ఆటో తిరిగొచ్చింది. అప్పటికి షామియానా విప్పుతున్నారు. మనోహర్ విగ్రహం పక్కనే తివాచీ మీద కాళ్ళు చాపుకు కూర్చుని కుర్చీలు మోసేవాళ్ళను కేకలేస్తున్నాడు. రత్నాలమ్మ ఆటో దిగి, నడవలేక నడుస్తూ అతని దగ్గరికొచ్చింది.

"లెగరా. అది నా సోటు."

"సోటేటి అత్తా? ఇంత బెంచీ ఉంది. ఆ పక్కన కూకో."

"ఆ పక్క అప్పలకొండది. లెగు. ఆ సోటు నీకు పట్టదు. నీ పొట్టకి రెండు కావాల."

మనోహర్ గొణుక్కుంటూ లేచాడు. రత్నాలమ్మ తివాచీ అంచు పట్టి లాగిపారేసింది. తన అచ్చులో కూర్చుంది. క్యారేజీని దాని గుండ్రటి గుంటలో పెట్టింది. అది అందులో టక్కున కూర్చుంది. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను. ఆవిడ మొదట త్రినాథ్ మొహం చూసింది, తరవాత కిందికి చూసింది.

"మొకం బాగానే సేసినావు. ఎప్పుడ్రా ఆడు అలాగ కూకున్నాడు?" అంది.

నేను బొమ్మ భుజం మీద రాలిన బంతిరేకులు దులిపాను.

ఆవిడ వంగి విగ్రహం తొడ కింద చూసింది. "ఇదేట్రా? ఈడి కిందనించి ప్లాస్టిక్ కొస కనబడతంది?"

అది ఆ పాలిథిన్ పట్టాయే. ఆ ఆదివారం వాళ్ళు ఏడుగురూ కూర్చున్నది. త్రినాథ్ అచ్చులో, వేళ్ళ గుర్తుల మీదుగా దాన్ని పరిచి, ఆ పైనే మాలు పోసి బొమ్మ కట్టాను. మధ్యలో పట్టా ఉంటే కొత్త సిమెంటు పాతదాన్ని అంటుకోదు. బెంచీలోకి ఒక్క చువ్వ కూడా దించలేదు. బొమ్మ తన బరువు మీద తను కూర్చుంది, అంతే. నలుగురు మనుషులు పట్టి లేపితే లేస్తుంది. కింద వాడి చోటు వాడు వదిలివెళ్ళినట్టే ఉంటుంది. ఆ నలుగురు ఎప్పుడొస్తారో నాకు తెలియదు. నా కాలంలో రారు. చిన్నమ్మి ఉన్నంతకాలం రాకూడదు కూడా.

ఇదంతా రత్నాలమ్మకు చెప్పలేదు. "ఏటీ నేదు పిన్నీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. సూదులు గుచ్చి పట్టీ వేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేతి చూపుడువేలితో ఆ ప్లాస్టిక్ కొసను లోపలికి, ఇంకా లోపలికి, బయటికి కనబడనంతవరకూ తోసింది.

"గాలికి లెగుత్తంది. ఏ ఎదవైనా సూసి పీకేత్తాడు" అంది.